రాత్రి రెండున్నరకు ఫోన్ చేయని షిఫ్ట్ ఇన్‌ఛార్జ్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్‌లో ప్రొడక్షన్ మేనేజర్ అయి ఆరు నెలలైంది. మీ కింద పద్దెనిమిది మంది ఎగ్జిక్యూటివ్‌లు, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌లు ఉన్నారు. చిన్నాచితకా వాటికి కూడా మిమ్మల్నే అడుగుతారు. పెద్దవేమో అడగకుండా సొంతంగా చేసేస్తున్నారు, అవి బెడిసికొడుతున్నాయి. హెచ్‌ఆర్ వాళ్లు రెండు రోజుల డెసిషన్ మేకింగ్ ట్రైనింగ్ పెట్టిద్దామంటున్నారు. పెట్టించాలా, వేరే దారి ఉందా అని అడిగారు.

నాకు ఈ పనిలో ఇరవై ఏడేళ్లు. బొల్లారంలో కెమిస్ట్‌గా చేరాను, ఆ తర్వాత పరవాడలో చాలాకాలం ఉన్నాను. ఇలాంటి ట్రైనింగ్‌లు పదైనా చూసుంటాను. మధ్యాహ్నం భోజనం మాత్రం బాగుంటుంది. ట్రైనింగ్ సంగతి చివర్లో చెప్తాను. ముందు నేను చేసిన ఒక తప్పు వినండి, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

అప్పట్లో నాకూ మేనేజర్‌గా ఏడాది కూడా నిండలేదు. సి షిఫ్ట్‌లో ఒక బ్యాచ్ వాక్యూమ్ ట్రే డ్రయర్‌లో ఆరుతోంది. బీఎంఆర్ (బ్యాచ్ ఎలా చేయాలో అంచెలంచెలుగా రాసుండే రికార్డు) ప్రకారం వాక్యూమ్ 650 ఎంఎం ఉండాలి, గేజ్ 560 దగ్గరే ఆగిపోయింది. రాత్రి రెండున్నర. మెయింటెనెన్స్‌లో ఉన్నది ఒక్క ఫిట్టర్, అతను బాయిలర్ దగ్గర ఇరుక్కున్నాడు. పక్క డ్రయర్‌కి 'టు బి క్లీన్డ్' లేబుల్ వేలాడుతోంది. పొద్దున ఎనిమిదికల్లా మెటీరియల్ కిందికి దించాలి. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ కుర్రాడు తెలివైనవాడే, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వాక్యూమ్ తక్కువైతే వేడి కాస్త పెంచితే సరిపోతుందనుకున్నాడు. హాట్ వాటర్‌ని యాభై డిగ్రీల నుంచి అరవై రెండుకి తీసుకెళ్లాడు. ఎల్‌ఓడీ, అంటే తేమ పరీక్ష, పాసైంది. ఇంప్యూరిటీ, అంటే మలినాల పరీక్ష, ఫెయిలైంది. బ్యాచ్ మొత్తం రీప్రాసెస్‌కి వెళ్లింది, నాలుగు రోజులు పోయాయి.

పద్ధతి తప్పినప్పుడు రాసే డీవియేషన్ ఫారం నా టేబుల్ మీదికి వచ్చింది. మూలకారణం దగ్గర 'హ్యూమన్ ఎర్రర్', దిద్దుబాటు దగ్గర 'రీట్రైనింగ్' అని రాసుంది. మీరూ అలాంటి ఫారాలు వందల్లో చూసే ఉంటారు. నేను సంతకం పెట్టబోతుంటే క్యూఏలో (నాణ్యత చూసే విభాగంలో) సీనియర్ మేడం ఒకావిడ అడిగింది, "అతను మీకు ఫోన్ ఎందుకు చేయలేదు సార్?" అని.

నిజమే కదా. కుర్రాణ్ణి పిలిచి అడిగితే నేల చూపులు చూశాడు. తర్వాత క్యాంటీన్‌లో టీ తాగుతుంటే నెమ్మదిగా చెప్పాడు. "పోయిన నెల రెండుసార్లు చేశాను సార్. నైట్రోజన్ సిలిండర్ మార్చేటప్పుడు ఒకసారి, లేబుల్ తేడా వచ్చినప్పుడు ఒకసారి. రెండోసారి మీరు 'ఇది కూడా నేనే చెప్పాలా, నీకు జీతం ఎందుకిస్తున్నారు' అన్నారు."

నాకు ఆ మాట అన్నట్టు కూడా గుర్తులేదు. అర్ధరాత్రి నిద్రలో అనేసి ఉంటాను. అతనికి మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అతని వైపు నుంచి చూడండి. ఫోన్ చేస్తే తిట్లు ఖాయం. వేడి పెంచితే బ్యాచ్ పోవచ్చు, పోకపోవచ్చు. ఖాయంగా పడే దెబ్బకన్నా పడుతుందో లేదో తెలియని దెబ్బే నయమనుకున్నాడు. అతనికి ఆలోచించడం రాక కాదు, లెక్క వేసుకునే చేశాడు. ఆ లెక్కలో ఒక అంకె నేను వేసినది.

మీ వాళ్లు చిన్న విషయాలకు ఫోన్ చేసి, పెద్దవి మాత్రం వాళ్లే చేసేస్తున్నారని రాశారు చూడండి, నాకు అక్కడే అనుమానం వచ్చింది. చిన్నవాటికి అడిగితే మీరు విసుక్కున్నా మహా అయితే నవ్వులాట. పెద్ద విషయంలో అడిగితే 'ఇంత దాకా ఎందుకు రానిచ్చావు' అనే ప్రశ్న ముందొస్తుంది. పోయిన రెండు నెలల్లో మీకొచ్చిన కాల్స్ గుర్తుచేసుకోండి. చెడ్డ వార్త చెప్పినవాడికి మీ నోటి నుంచి వచ్చిన మొదటి వాక్యం ఏమిటో నిజాయితీగా రాసుకోండి. నేను రాసుకున్నాను. చూసి సిగ్గేసింది.

ఆ తర్వాత నేను చేసిన పనుల్లో బాగా పనికొచ్చినది ఒక తెల్ల చార్టు. షిఫ్ట్ రూములో, టీ ఫ్లాస్కు పైన, అందరి కళ్లూ పడే చోట అంటించాను. మూడు గళ్లు. మొదటి గడికి 'నువ్వే తేల్చు', రెండోదానికి 'చేసి చెప్పు', మూడోదానికి 'ఆపి అడుగు' అని పేర్లు. ఏది ఏ గడిలోకి వెళ్లాలో నేనొక్కణ్ణే రాయలేదు, రెండు వారాలపాటు మూడు షిఫ్టుల వాళ్లతో కూర్చున్నాం. గడి ఎంచుకోవడానికి ఒకటే ప్రశ్న: తప్పయితే పొద్దునకి వెనక్కి తీసుకోగలమా? సిలిండర్ మార్చడం, మనుషుల్ని అటూ ఇటూ సర్దడం మొదటి గడి. పంపు ఆపి స్టాండ్‌బై పంపు పెట్టడం రెండోది. బీఎంఆర్‌లో రాసిన రేంజ్ దాటేది ఏదైనా, శాంపిల్ తీయకుండా వదిలేయడం, ఇంటర్‌లాక్ (తేడా వస్తే మెషీన్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు) బైపాస్ చేయడం మూడోది. ఒకసారి వేడి తగిలిన మెటీరియల్‌కి ఆ వేడి తగల్లేదని చెప్పలేం కదా, మళ్లీ చల్లార్చినా జరిగింది జరిగినట్టే.

ఆ చార్టు కింద పెద్ద అక్షరాలతో ఇంకో వాక్యం రాయించాను: 'ఆపడం ఎప్పుడూ మొదటి గడిలోనే.' అంటే హెల్పర్ అయినా సరే, అనుమానం వస్తే ఆపొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. మళ్లీ మొదలుపెట్టడానికి మాత్రం అడగాలి. ఇది పెట్టినప్పుడు మా ప్లాంట్ హెడ్ ఒప్పుకోలేదు, ఊరికే ఆపేస్తూ కూర్చుంటారన్నారు. మొదటి నెలలో నిజంగానే రెండు మూడు అనవసరపు ఆపడాలు జరిగాయి. తర్వాత తగ్గిపోయాయి. పని ఆపి ఖాళీగా నిలబడటం ఆపరేటర్‌కి కూడా ఇష్టముండదు, అది మేనేజర్లు మర్చిపోతుంటారు.

చార్టు అంటించినంత మాత్రాన ఏమీ అవదు. 'ఆపి అడుగు' అని మనమే రాసి, అడిగినప్పుడు కసురుకుంటే ఆ చార్టు క్యాలెండర్‌తో సమానం. రెండో వారంలోనే నేను మళ్లీ నోరు జారాను. మర్నాడు షిఫ్ట్ రూముకి వెళ్లి, నలుగురి ముందూ, "నిన్న రాత్రి నువ్వు చేసింది కరెక్టు, నేను మాట్లాడింది తప్పు" అని చెప్పాను. నాలుక తిరగలేదు, అయినా చెప్పాను. ఆ రోజు నుంచి కాల్స్ తీరు మారింది.

ఇక కాల్ వచ్చినప్పుడు ఏం మాట్లాడాలనేది. మనకు జవాబు తెలుసు, చెప్పేస్తే అర నిమిషంలో మళ్లీ పడుకోవచ్చు. అలా చెప్పేస్తున్నంత కాలం వాళ్లు అడుగుతూనే ఉంటారు, తప్పు వాళ్లది కాదు. నేను అడిగేవి ఇవి.

"ఏం కనిపిస్తోంది?"

"వాక్యూమ్ రావట్లేదు సార్."

"రావట్లేదంటే? గేజ్ ఎంత చూపిస్తోంది, ఎప్పటి నుంచి?"

"ఐదొందల డెబ్బై సార్. పన్నెండున్నర నుంచి."

"నేను ఫోన్ ఎత్తలేదనుకో, నువ్వేం చేస్తావ్?"

ఇక్కడ చాలాసేపు నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దాన్ని మీరు భరించాలి. నోట్లో మాట ఆడుతుంటుంది, మింగేయాలి.

"హాట్ వాటర్ ఆపి, డోర్ గాస్కెట్ చూస్తాను సార్. అది బాగుంటే పంపు మారుస్తాను."

"అది తప్పయితే పొద్దునకి ఏం నష్టం?"

"రెండు గంటలు లేటవుతుంది సార్, అంతే."

"మరి చెయ్."

మూడు నెలలు ఇలా నడిచాక ఫోన్ మోగిన వెంటనే అటువైపు నుంచే మూడు జవాబులూ వరసగా వచ్చేవి. ఆ తర్వాత కాల్ బదులు పొద్దున లాగ్ బుక్‌లో రెండు లైన్లు ఉండేవి.

ఇప్పటిదాకా చెప్పింది ఒక మనిషి ఒంటరిగా నిర్ణయం తీసుకునే సందర్భం. పదిమంది కూర్చున్న మీటింగ్‌లో జబ్బు వేరు. అక్కడ నలుగురితో పాటు నారాయణా. మీ ముందున్న పద్దెనిమిది మందిలో ఎవరో ఒకరికి అసలు సంగతి తెలిసే ఉంటుంది, ఆ మనిషి నోరు విప్పడు.

ఈ విషయం చెప్పడానికి నేను కొత్తగా చేరినవాళ్లందరికీ చాలెంజర్ కథ చెప్తాను. అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ 1986 జనవరి 28న గాల్లోకి లేచిన 73 సెకన్లకే ముక్కలైంది, ఏడుగురు పోయారు. బూస్టర్ రాకెట్ల కీళ్ల దగ్గరుండే రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుని సరిగ్గా సీల్ కాలేదు. మనం ఫ్లాంజుల దగ్గర రోజూ చూసే ఓ-రింగులకు పెద్దన్నలే అనుకోండి. అసలు బాధ ఏమిటంటే, ముందు రోజు సాయంత్రం ఆ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ ఇంజనీర్లు ఫోన్ మీటింగ్‌లో 'ఇంత చలిలో వద్దు' అని గట్టిగానే చెప్పారు. రోజర్ బోజొలే అనే ఇంజనీర్ అందులో ముందున్నాడు. నాసా వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. కంపెనీ పెద్దలు లైన్ పక్కన పెట్టి తమలో తాము మాట్లాడుకున్నారు. ఇంజనీరింగ్ విభాగం చూసే బాబ్ లండ్‌తో ఆయన పై అధికారి, ఇంజనీరు టోపీ తీసేసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమన్నాడు. కాసేపటికి లండ్ మాట మారింది, ప్రయోగానికి సరేనన్నారు.

మామూలుగా 'సేఫ్ అని రుజువు చేస్తేనే ఎగరనిస్తాం' అనేది పద్ధతి. ఆ రాత్రి అది తిరగబడి 'సేఫ్ కాదని మీరు రుజువు చేయండి' అయింది. మీ మీటింగుల్లో ఇది జరుగుతుందో లేదో చూడండి. "బ్యాచ్ వదలొద్దు అంటున్నావు, డేటా ఉందా నీ దగ్గర?" అని మీరు జూనియర్‌ని అడిగిన ప్రతిసారీ ఇదే జరుగుతోంది.

అందులోనే ఇంకో సంగతి ఉంది, నాకది ఇంకా ఎక్కువ నచ్చుతుంది. ఓ-రింగులు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే ముందేసుకుని చూస్తే, వేడి రోజుల్లోనూ చెడ్డాయి, చలి రోజుల్లోనూ చెడ్డాయి, కాబట్టి చలికీ దీనికీ సంబంధం లేదనిపించింది. ఏ దెబ్బా తగలని ప్రయోగాలను కూడా కలిపి చూసిన విచారణ సంఘానికి తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. 66 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 19 సెల్సియస్, ఆ పైన జరిగిన ఇరవై ప్రయోగాల్లో మూడింట్లోనే దెబ్బ. 63, అంటే సుమారు 17, ఆ కింద జరిగిన నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నవే. మనం ఫెయిలైన బ్యాచుల ఫైళ్లు మాత్రమే తెరుస్తాం. పాసైన బ్యాచుల్లో ఆ రోజు వాక్యూమ్ ఎంతుందో ఎవరూ చూడరు. ఈసారి మీ వాళ్లను రెండు ఫైళ్లూ పట్టుకురమ్మనండి.

మీటింగ్ విషయంలో నేను చేసిన మార్పు చాలా చిన్నది. చివర్లో మాట్లాడతాను. అందరికన్నా జూనియర్‌తో మొదలవుతుంది. మొదట 'సీనియర్స్ చెప్పాక చెప్తాను సార్' అంటారు. వదలకూడదు. ఏదో ఒక్క వాక్యమైనా చెప్పించాలి.

ఒక్క వాక్యం ఎందుకంటే, ఆపరేషన్ థియేటర్ల నుంచి దొంగిలించిన పద్ధతి అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు 19 అంశాల చెక్‌లిస్టు ఒకటి తెచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఒక్కో ఆసుపత్రిలో దాన్ని వాడి చూసిన ఫలితాలు 2009లో వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, ఇతర సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ఆ లిస్టులో కత్తి పెట్టే ముందు ఒక అంశం ఉంటుంది: గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పాలి. ఇందులో వైద్యం ఏముంది అనిపిస్తుంది. ఒకసారి గొంతు విప్పిన నర్సుకి, తర్వాత 'డాక్టరు గారూ, ఒక్క నిమిషం' అనడం సులువవుతుందనేది దాని వెనుక ఆలోచన. మా షిఫ్ట్ హ్యాండోవర్‌లో కూడా అంతే, ప్రతి ఒక్కరూ 'ఈ షిఫ్ట్‌లో నాకు అనుమానంగా ఉన్నది ఇదీ' అని ఒక ముక్క చెప్పాలి. 'ఏమీ లేదు' అన్నా సరే, కానీ నోటితో అనాలి.

అయితే చెక్‌లిస్టు మంత్రం కాదు. కెనడాలోని ఒంటారియోలో అదే పద్ధతిని నూటొక్క ఆసుపత్రుల్లో పెట్టి చూస్తే, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదని 2014లో తేలింది. ఎందుకన్న దానిమీద వాదోపవాదాలు ఉన్నాయి. నా మట్టుకు ఆశ్చర్యం లేదు. పైనుంచి ఆర్డర్ వస్తే టిక్కులు పడతాయి, మాటలు రావు. ఫార్మాలో ఉన్న మనకు టిక్కుల గురించి ఎవరో చెప్పాలా? ఆరు గంటల రీడింగులు ఐదున్నరకే రాసేసే ఊరు మనది.

పెద్ద మార్పు ఏదైనా చేసే ముందు వాడే చిట్కా ఇంకొకటి ఉంది. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు 2007లో దీని గురించి ప్రీమార్టమ్ అనే పేరుతో రాశాడు. 'ఇందులో సమస్యలేమైనా వస్తాయా' అని అడగకుండా, 'మూడు నెలలు గడిచాయి, ఇది ఘోరంగా ఫెయిలైంది, ఎందుకు ఫెయిలైందో రాయండి' అని తలా ఒక చీటీ ఇవ్వడం. మొదటిదానికి 'ఏమీ రావు సార్' అని జవాబొస్తుంది. రెండోదానికి అలా రాయడానికి వీల్లేదు. ఎలాగూ ఫెయిలైంది కాబట్టి కారణం చెప్పినవాడు అపశకునం పలికినవాడు కూడా కాదు. మన దగ్గర ఈ అపశకునం భయం తక్కువేం కాదు, కొబ్బరికాయ కొట్టే రోజున లీకేజీ గురించి ఎవడు మాట్లాడతాడు?

ఒకసారి ఒక ప్రాడక్టును చిన్న రియాక్టర్ నుంచి పెద్దదానికి మారుస్తున్నాం. ఆర్ అండ్ డీ, ఇంజనీరింగ్, క్యూఏ అందరూ సరేనన్నారు. చీటీలు ఇచ్చాను. ఆపరేటర్లకు, ఇద్దరు కాంట్రాక్ట్ హెల్పర్లకు కూడా ఇచ్చాను, పేరు రాయక్కర్లేదన్నాను. ఒక చీటీలో వంకర టింకర అక్షరాలతో ఇలా ఉంది: 'పెద్ద దాని మూత దగ్గర ఇద్దరు నిలబడే జాగా లేదు. బస్తాలు ఒక్కడే పోయాలి. గంటన్నర పడతది.' ఎస్‌ఓపీలో (పని చేసే పద్ధతి రాసుండే కాగితంలో) చార్జింగ్, అంటే సరుకు పోసే సమయం, అరగంట అని రాసుకున్నాం. కాగితం మీద ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆ సంతకాలు పెట్టిన మాలో ఎవరమూ బస్తా మోయలేదు. ప్లాట్‌ఫాం వెడల్పు చేయించాకే బ్యాచ్ ఎక్కించాం.

ఫలితం చూసి తీర్పు చెప్పే అలవాటు ఒకటి ఉంది, దాని గురించి కూడా చెప్పాలి. 1988లో బారన్, హెర్షీ అనే ఇద్దరు పరిశోధకులు, డాక్టరు తీసుకున్న ఒకే నిర్ణయాన్ని ఒకచోట రోగి బతికినట్టు, ఇంకోచోట చనిపోయినట్టు చెప్పి మార్కులు వేయమన్నారు. నిర్ణయం అక్షరాలా అదే, అయినా రోగి బతికినట్టు విన్నప్పుడు ఎక్కువ మార్కులు పడ్డాయి. మన దగ్గర దీని పర్యవసానం ఏమిటంటే, అడ్డదారిలో వేడి పెంచినా బ్యాచ్ పాసైతే 'చురుకైనవాడు' అంటాం. అతనే ఇంకోసారి అదే పని చేసి ఫెయిలైతే మెమో ఇస్తాం. పైన చెప్పిన కుర్రాడు అంతకుముందు కూడా ఒకసారి అలా వేడి పెంచాడని, అప్పుడు పాసైందని, నేనే మీటింగులో మెచ్చుకున్నానని తర్వాత తెలిసింది. అప్పుడు ఎలా చేశాడో నేను అడగలేదు, టైముకి దించాడని మాత్రమే చూశాను.

దీనికి నేను వాడేది రెండొందల పేజీల నోటుబుక్కు. కొంచెం పెద్ద నిర్ణయం ఏది తీసుకున్నా ఆ రోజే నాలుగు ముక్కలు: ఏం తేల్చాం, అప్పటికి ఏం తెలుసు, ఏమవుతుందనుకుంటున్నాం, ఎంత నమ్మకం. ఫలితం వచ్చాక రాస్తే లాభం లేదు, మనసు అప్పటికే కథ మార్చేస్తుంది. నెలకోసారి వెనక్కి తిప్పి చూస్తాం. ముందు నాదే చదివేవాణ్ణి. తొంభై శాతం గ్యారంటీ అని నేను రాసుకున్నవాటిలో సగానికి దగ్గరగా తప్పాయి. మేనేజరే తన తప్పు చదువుతుంటే మిగతావాళ్లు తమవి చదవడానికి పెద్దగా మొహమాటపడరు. పాత పంపుకి నాలుగోసారి రిపేరు చేయించాలా వద్దా అనే గొడవలు కూడా ఈ పుస్తకంతోనే సగం తగ్గాయి. 'ఇంత ఖర్చు పెట్టాం కదా' అనే మాట ప్రతి పేజీలోనూ కనిపిస్తుంటే మనకే నవ్వొస్తుంది.

ట్రైనింగ్ సంగతి. పెట్టించండి, హెచ్‌ఆర్‌తో గొడవెందుకు. కాకపోతే హోటల్ హాలులో వద్దనండి. మీ చివరి పది డీవియేషన్లు తీసి, ఒక్కోదాని దగ్గర 'ఆ క్షణంలో ఇతనికి ఏం తెలుసు, ఎవరిని అడగొచ్చు, ఎందుకు అడగలేదు' అని మాత్రమే మాట్లాడించండి. మొదటి కేసుగా మీ తప్పు ఒకటి పెట్టండి. లేదంటే ఎవరూ నోరు విప్పరు.

ఇదంతా అందరికీ పనిచేస్తుందనుకోకండి. మా దగ్గర ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఉండేవాడు, చార్టు పెట్టినా, ఏడాది ఓపిక పట్టినా, ప్రతిదీ మూడో గడిలోనే పడేసేవాడు. తర్వాత తెలిసింది, అంతకుముందు పనిచేసిన చోట అతని మీద ఒక ప్రమాదం కేసు నడిచింది. దాన్ని నేను ఏ పద్ధతితోనూ తీసేయలేకపోయాను. డాక్యుమెంటేషన్‌కి మారుస్తానంటే ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడ మా అందరికన్నా బాగా పనిచేశాడు. బీఎంఆర్‌లో చార్జింగ్ సమయాలు రాసే ముందు కిందికొచ్చి హెల్పర్లను అడిగి వెళ్లేది ఆయనొక్కడే.